మన ప్రాంతంలో గుండె వైద్యం: నాడు – నేడు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘం కార్యవర్గం వారు కోరారు. కోటల గురించీ, దేవాలయాల గురించీ రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుచేత నేను మరో చరిత్రను ఎంచుకున్నాను. మన నెలవారీ సమావేశాలలో కరువు భత్యం బకాయిల తరువాత ఎక్కువగా వినిపించే మాట గుండె. ఎవరికి స్టెంటు వేశారు, ఎవరికి బైపాస్ అయింది, విశాఖ వెళ్ళినవారిలో ఎవరు తిరిగి రాలేదు అన్నవే మన కబుర్లు. టెక్కలి, పలాస, ఉద్దానం తీరంలో గుండె వైద్యం ఎలా నడిచి వచ్చిందో వెనక్కి తిరిగి చూస్తే, అది మొదటి నుంచీ దూరానికి సంబంధించిన కథ అని నాకు తోచింది.

నేను 1979లో టెక్కలి తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మండలాలు అప్పటికి లేవు, అవి 1985లో వచ్చాయి. 1983లో జమాబందీ పనులు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో మా హెడ్ గుమాస్తా గారికి రాత్రి భోజనమయ్యాక ఛాతీలో బరువుగా అనిపించింది. అప్పటికి ఆయనకు 52 ఏళ్ళు. ఇంట్లోవారు సోడా తాగించారు, వాము నమిలించారు. తెల్లవారేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఊళ్ళోని డాక్టరు గారు వచ్చి చూసి, “ఇది గుండెలా ఉంది, ఇక్కడ చేయగలిగింది లేదు, విశాఖ తీసుకెళ్ళండి” అన్నారు. కారు కుదిరేసరికి ఎనిమిదయింది. కోటబొమ్మాళి, నరసన్నపేట, శ్రీకాకుళం దాటాము. రణస్థలం దగ్గర ఆయన నా భుజం మీదికి ఒరిగిపోయారు. తగరపువలస వంతెన కూడా చేరలేదు.

ఆ రోజు ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. డాక్టరు గారు తన చేతిలో ఉన్నంతవరకు చేశారు, డ్రైవరు బండి ఆపకుండా నడిపాడు. అయినా ఆయన దక్కలేదు. ఆ కాలంలో మన ప్రాంతంలో గుండెపోటు వచ్చినవారి సంగతి చాలావరకు అలాగే ఉండేది.

ఆ రోజుల్లో పెద్దాసుపత్రి

మనకు పెద్దాసుపత్రి అంటే విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి. అది 1923లో ప్రారంభమయింది. ఆంధ్ర వైద్య కళాశాల కూడా ఆ సంవత్సరమే మొదలయింది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడిన తరువాత కూడా, రోగం ముదిరితే కె.జి.హెచ్. అన్న మాట మారలేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపువారికి విశాఖ కంటే బరంపురం దగ్గర. అక్కడ 1962లో వైద్య కళాశాల వచ్చాక ఉద్దానం జనం చాలామంది అటే వెళ్ళసాగారు. ఒక రాష్ట్రంలో పుట్టి మరో రాష్ట్రంలో వైద్యం చేయించుకోవడం మన సరిహద్దు ఊళ్ళవారికి కొత్త కాదు. కంటి వైద్యానికి మాత్రం సోంపేటలోని ఆరోగ్యవరం మిషన్ ఆసుపత్రికి మంచి పేరు ఉండేది, దూరప్రాంతాల నుంచి కూడా రోగులు అక్కడికి వచ్చేవారు. కంటికి దక్కిన ఆ భాగ్యం గుండెకు దక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది.

దారి సంగతి చూస్తే, మద్రాసు–కలకత్తా రైలు మార్గం 1890లలోనే మన మీదుగా వచ్చింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో నడిచింది. టెక్కలివారు ఆ చిన్న బండెక్కి నౌపడలో దిగి పెద్ద బండి అందుకునేవారు. పలాస నుంచి విశాఖకు సుమారు రెండు వందల కిలోమీటర్లు. పాసింజరు బండిలో సగం రోజు గడిచిపోయేది. జ్వరానికీ, కాలు విరిగినదానికీ ఆ బండి పనికి వచ్చింది. గుండెపోటు మాత్రం బండి వేళల కోసం ఆగదు.

పలాస రైల్వేవారికి మరో దారి ఉండేది. మద్రాసు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ గారు మన దేశంలో తొలి బైపాస్ శస్త్రచికిత్స విజయవంతంగా చేశారు. రైల్వే ఉద్యోగులకు గుండె ఆపరేషను అంటే పెరంబూరు అన్న పేరు స్థిరపడింది. మిగతా శాఖలవారికి రాయవేలూరు, మద్రాసు, ఆ తరువాత హైదరాబాదు. సెలవు పెట్టి, జి.పి.ఎఫ్. నుంచి అప్పు తీసి, తోడుగా ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళవలసిందే. వైద్య ఖర్చుల వాపసుకు 1972 నాటి సమీకృత వైద్య సహాయ నియమాలు ఉండనే ఉన్నాయి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ల మీద సంతకాల కోసం మనలో ఎన్ని చెప్పులు అరిగాయో మనకే తెలుసు!

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో గుండె జబ్బు అంటే మన కళ్ళ ముందు మెదిలేది ఎక్కువగా చిన్నపిల్లలూ, పడుచువారూ. గొంతునొప్పితో మొదలై కీళ్ళ వాపుగా మారి, చివరికి గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం పేదల ఇళ్ళలో విరివిగా ఉండేది. ఇరవయ్యొక్క రోజులకొకసారి పెనిసిలిన్ సూది పొడిపించుకోవడానికి తల్లులు పిల్లలను చంకనేసుకుని రావడం నేను చూశాను. ఒకసారి కీళ్ళ జ్వరం వచ్చిన పిల్లలలో కవాటాలు మళ్ళీ దెబ్బతినకుండా ఆ సూది కాపాడుతుంది. మన ప్రాంతంలో గుండె జబ్బును రాకముందే ఆపే ప్రయత్నానికి దానినే తొలి మెట్టు అనవచ్చు.

ప్రపంచంలో జరిగినది, మనదాకా వచ్చినది

గుండె విద్యుత్తును కాగితం మీద గీతగా చూపే ఇ.సి.జి. పద్ధతిని హాలండు దేశస్థుడు ఐంతోవెన్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలోనే రూపొందించాడు. దానికి 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 1948లో మొదలైన పరిశీలన వల్ల రక్తపోటు, కొలెస్టరాల్, పొగ అనేవి గుండెపోటుకు దారితీస్తాయని లోకానికి తేటపడింది. 1967లో అర్జెంటీనా వైద్యుడు ఫవలోరో అమెరికాలో కాలి రక్తనాళంతో బైపాస్ చేసే పద్ధతిని స్థిరపరిచాడు. 1977లో గ్రూంట్‌జిగ్ అనే వైద్యుడు జ్యూరిచ్‌లో, రోగి మెలకువగా ఉండగానే, చిన్న బుడగతో గుండె రక్తనాళాన్ని వెడల్పు చేశాడు. 1988లో 17,187 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ సూదిమందూ, మామూలు ఆస్పిరిన్ మాత్రా రెండూ కలిపి ఇస్తే గుండెపోటు మరణాలు దాదాపు నలభై శాతం తగ్గాయని తేలింది.

ఈ చివరిది మనకు ముఖ్యం. బైపాస్‌కూ స్టెంటుకూ పెద్ద నగరం కావాలి. ఆస్పిరిన్ మాత్ర మాత్రం చిన్న కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది. గడ్డ కరిగించే సూదిమందును తాలూకా ఆసుపత్రిలోనూ ఇవ్వవచ్చు. మా హెడ్ గుమాస్తా గారు పోయిన అయిదేళ్ళకు ఈ సంగతి లోకానికి తెలిసింది. మన ఊళ్ళకు చేరేసరికి ఇంకా చాలా కాలం పట్టింది.

స్టెంటు ధర గురించి కూడా రెండు మాటలు. హైదరాబాదులో హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు గారూ, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం గారూ కలిసి తక్కువ ఖర్చుతో దేశీయ స్టెంటును రూపొందించారు. 1998 నాటికి అది కలాం–రాజు స్టెంటుగా పేరు పొందింది. తరువాత 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్ల ధరలకు గరిష్ఠ పరిమితి విధించింది. మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు స్టెంటుకు 7,260 రూపాయలుగా అప్పుడు నిర్ణయించారు. అంతకుముందు ఒక్కొక్క స్టెంటుకు లక్షకు పైగా కట్టినవారు మనలోనే ఉన్నారు.

మన పల్లెలే పాఠ్యపుస్తకమైన వేళ

గుండె జబ్బుల నివారణ చరిత్రలో మన జిల్లాకు కూడా ఒక చోటు ఉన్నదని చాలామందికి తెలియదు. చుట్టను వెలిగించి, నిప్పున్న కొనను నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు మన తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, ఎక్కువగా ఉండేది. మన అమ్మమ్మలను తలచుకుంటే చాలు! 1960లలో బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన దంత పరిశోధకులు మన జిల్లా పల్లెలకు వచ్చి, ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. వారి దృష్టి నోటి క్యాన్సరు మీద. అయినా వారు అక్కడితో ఆగలేదు. అదే జనాన్ని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చూసి, ఎవరు బ్రతికి ఉన్నారో, ఎవరు పోయారో లెక్క కట్టారు. పొగాకు అలవాటు లేనివారి కంటే అడ్డపొగ తాగే స్త్రీలలో మరణాల రేటు ఎక్కువని 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. చుట్ట వల్ల ప్రమాదం నోటితోనే ఆగదని, ఆయుష్షునే తగ్గిస్తుందని లోకానికి చూపినవారిలో మన ముసలమ్మలు ఉన్నారన్నమాట.

రెండోది ఉప్పు. నౌపడ ఉప్పు కొఠార్లు బ్రిటిషువారి కాలం నుంచీ పేరు పడ్డవి. భావనపాడు నుంచి బారువ దాకా తీరం పొడవునా ఉప్పు పట్టించిన ఎండుచేపలు, ఇంటింటా ఆవకాయ, గంజిలో నంజుకోవడానికి మరింత ఉప్పు. కాయకష్టం చేసి చెమటోడ్చే రోజుల్లో ఆ తిండి సాగిపోయింది. ఉద్యోగం పేరిట కుర్చీలో కూర్చున్నాక, ఆ పైన పింఛను తీసుకుని అరుగు మీద కూర్చున్నాక, కష్టం తగ్గింది గాని ఉప్పు తగ్గలేదు. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక ఎండుచేప కూర, ఒక ఆవకాయ బద్ద, ఒక అప్పడం కలిస్తే ఆ చెంచా ఎప్పుడో నిండిపోతుంది.

పల్లెవారికి గుండెపోటు రాదు, అది పట్నపు జబ్బు అన్న నమ్మకం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. గోదావరి జిల్లాలలో 45 గ్రామాలలో 2003–04లో సంభవించిన మరణాలను ఇంటింటా విచారించి చూస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. అంటువ్యాధులు వెనకబడి, గుండెపోటు, పక్షవాతం ముందుకు వచ్చేశాయి.

దూరం తగ్గిన ఏళ్ళు

2005 నుంచి ఒక పదిహేనేళ్ళలో మన ప్రాంతంలో జరిగిన మార్పు అంతకుముందు ఎనభై ఏళ్ళలో జరగలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలై క్రమంగా రాష్ట్రమంతా విస్తరించింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని ముందుగా మూడు జిల్లాలలో ప్రవేశపెట్టారు. అవి మహబూబ్‌నగర్, అనంతపురం, మన శ్రీకాకుళం. తెల్లకార్డు ఉన్న బెస్తవారి బిడ్డకు, జీడిపిక్కలు ఒలిచే కూలీకి కార్పొరేటు ఆసుపత్రిలో గుండె ఆపరేషను జరగడం మనం కళ్ళారా చూశాము. పథకం పేరు తరువాత ప్రభుత్వాలను బట్టి మారుతూ వచ్చింది గాని పని ఆగలేదు. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ వైద్య కళాశాల వచ్చింది. జాతీయ రహదారి నాలుగు వరుసలయింది. శ్రీకాకుళంలోని ప్రైవేటు ఆసుపత్రులలో కూడా యాంజియోగ్రామ్, స్టెంటు అందుబాటులోకి వచ్చాయి. పలాస, టెక్కలి పట్టణాలకు నిపుణులు వచ్చి రోగులను చూసి వెళ్ళే పద్ధతి అలవాటయింది. ఎకో పరీక్షకు విశాఖ పరుగెత్తే పని తప్పింది.

ఉద్యోగులకూ పింఛనుదారులకూ నగదు చెల్లించనక్కరలేని ఆరోగ్య పథకం 2013 చివర మొదలయింది. ఇది మన సంఘాల పోరాట ఫలితమే. లోపాలు లేవనను. నెట్‌వర్కు ఆసుపత్రి అని బోర్డు పెట్టిన ఒక చోట, కార్డు చూపాక కూడా ముందు డబ్బు కట్టమని నన్ను కూర్చోబెట్టారు. అయినా 1983తో పోల్చి చూస్తే ఇది వేరే లోకం.

ఉద్దానం ప్రత్యేకత

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, పోక తోటల నడుమ ఇన్ని ఇళ్ళలో మూత్రపిండాల జబ్బు ఉండటం మన దురదృష్టం. దాని మూలకారణం శాస్త్రజ్ఞులకు ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందిని చివరికి తీసుకుపోయేది గుండె జబ్బేనని మనం మరచిపోతున్నాము. కిడ్నీ చెడితే రక్తపోటు పెరుగుతుంది, రక్తనాళాలు గట్టిపడతాయి, గుండె మీద భారం పడుతుంది.

అందుచేత మన ప్రాంతంవారికి కొన్ని జాగ్రత్తలు వేరుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకు ఇష్టం వచ్చినట్లు నొప్పి మాత్రలు మింగరాదు, అవి కిడ్నీనీ చెడగొడతాయి, బి.పి.నీ పెంచుతాయి. యాంజియోగ్రామ్‌లో ఎక్కించే మందు కిడ్నీ మీద భారం వేస్తుంది గనుక ముందుగా క్రియాటినిన్ పరీక్ష ఎంత వచ్చిందో డాక్టరు గారికి చెప్పాలి. బి.పి.కి మంచిదని సోడియం తక్కువగా ఉన్న ఉప్పు అంగళ్ళలో అమ్ముతున్నారు. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి అది ప్రమాదకరం. కొబ్బరినీళ్ళ సంగతి కూడా అంతే. పెరటి చెట్టు కాయే గదా అని తాగే ముందు డాక్టరును అడగాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మనకు మరో పాఠం నేర్పింది. కొబ్బరిచెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు లేదు, మందుల షాపులు తెరవలేదు. బి.పి. మాత్రలు అయిపోయి నేను రోజుల తరబడి లేకుండా గడిపాను. అప్పటి నుంచి మా ఇంట్లో అక్టోబరు రాకముందే నెల రోజుల మందులు విడిగా పెడుతున్నాము.

మిగిలిన దూరం

చివరగా, చెప్పడానికి మనసొప్పకపోయినా చెప్పవలసిన సంగతి. 2022 మార్చిలో ఒక రాత్రి పది గంటలకు నా భార్యకు ఆయాసం వచ్చింది. చెమటలు పట్టాయి, దవడ లాగుతున్నదని అన్నది. ఛాతీలో నొప్పి లేదు. ఆమెకు పదిహేనేళ్ళుగా మధుమేహం. రాత్రి పనసకాయ కూర తిన్నందువల్ల గ్యాసు పట్టిందని నేనే తేల్చాను. సోడా నేనే తెచ్చాను, వాము నేనే ఇచ్చాను. పన్నెండు గంటలకు మా కోడలు నా మాట వినకుండా 108కు ఫోను చేసింది. బండి ఇరవై నిమిషాలలో వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో వెంటనే ఇ.సి.జి. తీశారు, గడ్డ కరిగించే సూదిమందు ఇచ్చారు. తెల్లవారేసరికి విశాఖలో ఉన్నాము, ఆ మధ్యాహ్నమే స్టెంటు వేశారు. ఆమె దక్కింది. గుండె కొట్టుకునే శక్తి మాత్రం నలభై శాతానికి పడిపోయింది. మేడ మెట్లు ఎక్కలేదు. “రెండు గంటల ముందు వచ్చి ఉంటే” అని డాక్టరు గారు అని, ఆ మాట అక్కడే ఆపేశారు.

ఆ రెండు గంటలు నావి. రోడ్డు బాగుంది, బండి ఉంది, మందు ఉంది, కార్డు ఉంది. హెడ్ గుమాస్తా గారిని భుజాన మోసిన నేనే, నలభై ఏళ్ళ తరువాత, అదే సోడా సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆనాడు దూరం టెక్కలికీ విశాఖకూ మధ్య ఉండేది. ఈనాడు అది మన మంచానికీ ఫోనుకూ మధ్య ఉంది.

కాబట్టి మిత్రులు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కారణం లేని చెమట, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఇ.సి.జి. తీసేదాకా గ్యాసు అనుకోరాదు. మధుమేహం ఉన్నవారికి, స్త్రీలకు నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. మొదటి ఇ.సి.జి. బాగుందన్నా బాధ తగ్గకపోతే మళ్ళీ తీయించాలి. సొంత మోటారు సైకిలు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళవద్దు, 108కు ఫోను చేయండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారు తప్ప మిగతావారు ఆస్పిరిన్ నమలవచ్చునేమో ఆ ఫోనులోనే అడగండి. ఇవి ఆపద వచ్చాక చేసేవి. రాకుండా ఉండాలంటే బి.పి. 140/90 దాటనీయకుండా మాత్రలు మానకుండా వేసుకోవడం, చుట్ట బీడీ వదలడం, ఉప్పు తగ్గించడం, రోజూ అరగంట నడవడం. బాగుంది గదా అని బి.పి. మాత్ర మానేసినవారి పేర్లు మన సంతాప తీర్మానాలలో ఎన్ని ఉన్నాయో పాత మినిట్సు పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది.

ఈ సంచిక చదివిన తరువాత ప్రతి సభ్యుడూ ఇంట్లో అందరికీ కనబడేలా గోడ మీద 108 అని పెద్ద అక్షరాలతో రాయాలనీ, దాని కిందనే తాను వాడుతున్న మందుల పేర్లు, క్రియాటినిన్ అంకె, ఆరోగ్య కార్డు నంబరు రాసి పెట్టాలనీ నా మనవి. మా ఇంట్లో మా కోడలు రాసింది. ఆ కాగితం మీద చివరి వరుస ఆమె సొంత మాట: “మామయ్యను అడగవద్దు, ముందు ఫోను చేయండి.”